ఆపిల్ తోట బదులుకు పసుపు చేను

మెట్‌పల్లి పోస్టు,
8 ఆగస్టు 1993

మనోరమా,

క్షేమంగా దిగానని నువ్వు పంపిన కార్డు మొన్న అందింది. దాని మీద ఎర్ర బస్సు బొమ్మ చూసి మీ అవ్వ, "గా బస్సు మీద ఇంకో బస్సెందుకు గూసున్నది?" అని అడిగింది. బడిలో పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పి చెప్పి రిటైరైన నేను కూడా కార్డును తిప్పి తిప్పి చూశాను.

నీ వీసా సంగతి ఊరికి అర్థం చేయించడం నా వల్ల కావడం లేదు. పూర్వం తెల్లవాళ్లు ఏలిన దేశాల పిల్లలు ఇంగ్లండులో రెండేళ్లు తిరిగి రావచ్చనీ, ఖర్చులకని నడుమ నడుమ పని కూడా చేసుకోవచ్చనీ అడిగిన వాళ్లందరికీ విడమరిచి చెబుతున్నాను. ఉద్యోగానికి పోయిందంటే వాళ్లకు తెలుస్తుంది. చదువుకు పోయిందన్నా తెలుస్తుంది. సెలవూ పనీ ఒకే కాగితం మీద ఎట్లా ఉంటాయంటారు. చివరికి బెల్లంపల్లి నుంచి మీ అవ్వ తమ్ముడు అహరోను వచ్చి తేల్చేశాడు. "మా బొగ్గుబాయిల గూడ సెలవునాడు దిగితె డబుల్ జీతం. అంటె పిల్లకు రెండేండ్లు డబులే!" అప్పటి నుంచి ఊళ్లో నీ విలువ కూడా డబుల్ అయింది.

మీ బాపుకు మాత్రం పని అన్న ముక్క చెవికెక్కడం లేదు. "నా బిడ్డ సెలవుల మీద పోయింది. దొరల పిల్లలు పోతరు సూడు, గట్ల" అని సంతలో కూడా చెప్పి వచ్చాడు. నువ్వు కరీంనగర్ హాస్టల్లో ఇంగ్లీషు చెప్పిన మూడేళ్లూ కూడబెట్టుకుని టికెట్ కొనుక్కున్నావంటే ఆయనకు గర్వమే. నీ ఉత్తరాలు అరుగు మీద కూర్చుని అందరికీ వినపడేలా చదవాలని ఆజ్ఞ కూడా అయింది. కాబట్టి రాసేటప్పుడు ఆ అరుగును కొంచెం గుర్తుంచుకో.

ఏం తింటున్నావు, ఎక్కడ పడుకుంటున్నావు, ఎవరితో తిరుగుతున్నావు, అన్నీ రాయి. మూడోది వేరే కాగితం మీద రాయి.

నీ క్షేమం కోరే మేనత్త,
ఆనందమ్మ


కెంట్, ఇంగ్లండ్,
12 సెప్టెంబర్ 1993

అత్తమ్మా,

నీకూ బాపుకూ అవ్వకూ దండాలు. మూడో ప్రశ్నకు వేరే కాగితం అక్కర్లేదు. నేను తిరుగుతున్నది ఒక న్యూజీలాండ్ పిల్లతో. ఆమెదీ నాలాంటి వీసానే. వాళ్ల దేశంలో పిల్లలందరూ ఇట్లా పోయి వస్తారట, పోకపోతేనే ఏమైందని అడుగుతారట. ఇద్దరం చక్రాల మీద నిలబెట్టిన ఒక డబ్బా ఇంట్లో ఉంటున్నాం. వాన పడితే లోపల డప్పు వాయించినట్టు ఉంటుంది.

ఇది ఆపిల్ తోటల సీమ. ఇప్పుడు కోతలు. మెడకు సంచి తగిలించుకుని నిచ్చెనెక్కి కాయలు తెంపుతున్నాను. ఆపిల్‌ను గుంజకూడదని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అరచేతిలోకి తీసుకుని కొంచెం పైకి తిప్పితే అదే ఊడి వస్తుంది. సంచిలో వేసేటప్పుడు కోడిగుడ్డును దించినట్టు దించాలి, లేకపోతే మచ్చ పడుతుంది. మొదటి వారం నేను తెంపినవన్నీ మచ్చలే.

తోట ఆసామి పేరు మార్జరీ. బాపు వయసుంటుంది. భర్త పోయాక తోటంతా ఆమే చూసుకుంటోంది. పొద్దున మాకంటే ముందే నిచ్చెనెక్కుతుంది. చాయ్ ఆమే తెస్తుంది, మధ్యాహ్నం ఆమె వంటింట్లో అందరం ఒకే బల్ల దగ్గర తింటాం. కూరలో కారం లేదు, ఉప్పు కూడా అడిగి వేసుకోవాలి. అవ్వ ఇచ్చిన మామిడి తొక్కు పచ్చడి చూపిస్తే మార్జరీ చెంచాడు నోట్లో వేసుకుని, చాలాసేపు కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

కోతలయ్యాక దేశం చూడటానికి బయలుదేరతాను. ఈ ఉత్తరం అరుగు మీద ఎట్లా చదువుతావో నీ ఇష్టం. తోట గురించి బాగా చదువు. పని వచ్చిన చోట దగ్గు.

నీ మేనకోడలు,
మనోరమ


మెట్‌పల్లి పోస్టు,
3 అక్టోబర్ 1993

మనోరమా,

దగ్గాను తల్లీ. దగ్గిన ప్రతిసారీ మీ బాపు "నీళ్లు తాగి మళ్లా సదువు" అన్నాడు. మూడు గ్లాసుల నీళ్లయ్యాక ఇక దాచడం నా తరం కాలేదు, అంతా చదివేశాను.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, "అంటె నా బిడ్డ ఒకల తోటల కూలికి పోయిందా అక్కా?" అన్నాడు. నేను ఖర్చులకని చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. "నేను మీసాలు రాకముందె దొరలింట్ల పాలేరుగ జీతమున్న. వాళ్ల చేన్ల వంగి వంగి నా నడుం ఒరిగింది. నా పిల్ల ఒకల చేన్ల వంగొద్దనే గీ మూడెకరాలు గొన్న, సదివిచ్చిన. గిప్పుడది సముద్రాలు దాటిపోయి వంగుతదా? ఇగ దాని ఉత్తరాలు నా ఇంట్ల సదవకు. దానికి రాస్తె నా పేరు రాయకు." అని లేచి చేనుకు పోయాడు.

వారం రోజులు ఇంట్లో నీ పేరెత్తనివ్వలేదు. మీ అవ్వ ఏడ్చింది. నాకు కూడా ఏడుపు వచ్చింది, దాచడమెందుకు. నా తమ్ముడు చిన్నప్పుడు దొర పశువుల వెంట పోతుంటే నేను మిషన్ బడికి పోయేదాన్ని. వాడి కోపం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు.

ఊరట ఇచ్చింది మన పక్కింటి లింగవ్వ. ఆ రోజు ఉత్తరం ఆమె కూడా విన్నది కదా, మొన్న బాపును వాకిట్లోనే నిలేసింది. "పౌలన్నా, ఆసామి గూడ పక్కపొంటి తెంపుతదట. అందరు ఒక్క తాననే తింటరట. చాయ్ సుత ఆమెనే వోస్తదట. గది కూలెట్లయితది? మేము మీ చేనుకు రామా, మీరు మా చేనుకు రారా? గది బదులు పని!"

నాకు చప్పున వెలుగు వచ్చినట్టయింది. నిజమే కదా! కూలికి పోతే ఆసామి గట్టు మీద నిలబడి అదిలిస్తాడు. బదులుకు పోతే ఆసామి కూడా పక్క సాలులోనే వంగుతాడు, అన్నం అందరికీ ఒకే కుండలోది. మీ బాపు తల గోక్కుంటూ, "బదులైతె మరి వాళ్లు గూడ మన చేనుకు రావాలె గద?" అన్నాడు. "వస్తరు. పసుపు తవ్వుడుకు పిలువు" అన్నది లింగవ్వ. ఆ పూట ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

కాబట్టి ఆ మార్జరీని అడిగి రాయి. మన పసుపు తవ్వకం మాఘ మాసంలో. ఆమెకు ఏ వారం వీలవుతుంది?

ఊపిరి పీల్చుకున్న నీ అత్తమ్మ


కెంట్,
24 అక్టోబర్ 1993

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి ఒకసారి ఏడ్చాను, చివరికొచ్చి పడీ పడీ నవ్వాను. నువ్వు కూడా నమ్మేశావా! బదులు లేదు, ఏమీ లేదు. ప్రతి శుక్రవారం కవర్లో పెట్టి కూలి ఇస్తారు. ఇది అచ్చంగా కూలి పనే. మార్జరీ మాతో పాటు తెంపుతుందంటే అది ఆమె తీరు, అంతే.

కూలి చేసినందుకు నాకు సిగ్గు లేదు. బాపు నా పేరు రాయొద్దన్నాడన్న చోట మాత్రం నా వల్ల కాలేదు. వీసా కోసం మద్రాసు పోయినప్పుడు కూడా అంత దిగులు పడలేదు. బాపు మనసు మళ్లించు, కానీ అబద్ధం మీద మళ్లించకు. రేపు తెలిస్తే ఇంకా పెద్ద దెబ్బ తగులుతుంది. మెల్లగా నువ్వే నిజం చెప్పు.

లింగవ్వ తీర్పు సంగతి బల్ల దగ్గర చెబితే అందరూ నవ్వారు. మార్జరీ ఒక్కతే నవ్వలేదు. పసుపు గడ్డ భూమిలో ఎంత లోతున ఉంటుందని అడిగింది. క్రిస్మస్ కార్డు పంపుతానని ఇంటి అడ్రసు కూడా రాయించుకుంది. పాపం, మొన్న నిచ్చెన మీద నుంచి జారి చేయి బెణికించుకుంది. అందుకే కోతలు అయిపోయినా కొన్నాళ్లు ఇక్కడే ఆగాను. రేపు స్కాట్లాండ్ బయలుదేరుతున్నా. ఎడింబరోలో ఒక వృద్ధాశ్రమం వంటింట్లో కొన్నాళ్లు పని దొరికింది. కొత్త అడ్రసు వెనుక రాశాను.

మనోరమ


మెట్‌పల్లి పోస్టు,
5 నవంబర్ 1993

మనోరమా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఇక్కడ ఆగడం మాత్రం ఎవరి వల్లా కావడం లేదు.

మీ బాపు కమ్మరి దగ్గరికి పోయి ఒక చిన్న గడ్డపార చేయించాడు. దొరసాని చేతికి మన గడ్డపార బరువవుతుందట. పెరట్లో తడకలు కట్టి కొత్తగా స్నానాల గది లేపాడు. తడక ఎత్తు సరిపోతుందో లేదో చూడమని నన్ను లోపల నిలబెట్టి ఊరంతా చుట్టూ తిరిగింది. "మక్కజొన్న గటుక తింటదా, అన్నమే వండాల్నా?" అని మీ అవ్వ పరేషాన్. అహరోను మాత్రం, ఇంగ్లండ్ మనిషి మన దగ్గర పనిచేస్తే ఆమెకు డబుల్ జీతం ఎవరిస్తారని చిక్కు ప్రశ్న వేసి పోయాడు.

అన్నింటికన్నా ముఖ్యమైన కబురు. ఈ ఉత్తరం రాస్తుంటే ఆయనే వచ్చి పక్కన కూర్చుని, "నా పేరు గూడ రాయి. మంచిగున్నడని రాయి. టోపీ తెచ్చుకోమను ఆమెను, ఎండ కొడ్తది" అన్నాడు. రాశాను.

ఆనందమ్మ
(మీ బాపు మంచిగున్నాడు)


మెట్‌పల్లి పోస్టు,
28 డిసెంబర్ 1993

మనోరమా,

నీ అక్టోబర్ ఉత్తరం ఎక్కడెక్కడ తిరిగిందో, ఈ నెలలో చేరింది. చదివి పప్పు డబ్బాలో దాచిపెట్టాను. నువ్వు నవ్వావు సరే, ఇక్కడ నవ్వే రోజులు దాటిపోయాయి.

ఇప్పుడేం చెయ్యమంటావు? ఏటా తవ్వకానికి వచ్చే గుంపు మేస్త్రీ వస్తే మీ బాపు వద్దని పంపించేశాడు. "ఈసారి మాకు బదులోళ్లున్నరు" అన్నాడట. లింగవ్వ వాళ్లు ఒక పక్క, దొరసాని ఒక పక్క, సరిపోతారట. అంతటితో అయితే బాగుండు. క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచి, "నేను దొర కాడ జీతమున్నోన్ని. నా బిడ్డ దొరసానితోని బదులువెట్టుకున్నది. దేవునికి వందనాలు" అని కూర్చున్నాడు. వెనక వరుసలో ముసలోళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను లేచి కాదని చెప్పనా? నాకు అంత పాపం మూటగట్టుకునే ఓపిక లేదు.

నిజం చెప్పాలన్నావు. సరే, చెప్పాల్సిందే. కానీ నా నోటితో చెప్పను. ఆయనకు నువ్వే నీ చేత్తో రాయి. నేను ఒక్క అక్షరం మింగకుండా, ఒక్కసారి దగ్గకుండా చదువుతాను.

నీ అత్తమ్మ


ఎడింబరో,
9 జనవరి 1994

అత్తమ్మా,

నీ నవంబర్ ఉత్తరం కెంట్ చుట్టి నిన్న వచ్చింది, డిసెంబర్ ఉత్తరం దాని వెనకే ఈరోజు వచ్చింది. గడ్డపార సంగతి చదివి ఇక్కడి ముసలమ్మలకు గంజి వడ్డిస్తూ ఏడ్చాను. ఎవరో పోయారనుకుని ఒకామె నాకు బిస్కెట్ ఇచ్చింది. ఇక్కడి నుంచి బాపుకు చదువు.

బాపూ,

నేను కూలికే పోయాను. కూలి పైసలు తీసుకున్నాను. బదులు అని ఎవరూ అనలేదు, అది లింగవ్వ మంచి మనసు. దొరసాని రాదు బాపూ. మేస్త్రీని మళ్లీ పిలిపించు.

నువ్వు వంగిన తీరున మాత్రం నేను వంగలేదు. నిన్ను దొర ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదని నువ్వే చెప్పేవాడివి. ఇక్కడ నా పేరు నోరు తిరగకపోయినా తిప్పుకుని పిలిచేవారు. సాయంత్రం సంచి దించితే మళ్లీ పొద్దుటి దాకా నేను ఎవరి మనిషినీ కాదు. ఇష్టం లేకపోతే పోవచ్చు. నువ్వు మూడెకరాలు కొనకపోతే, నన్ను చదివించకపోతే, నేను ఇట్లా పోయి ఇట్లా రాగలిగేదాన్నా? నీ మాట పోగొట్టానని కోపముంటే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు. రమ్మంటే వీసా ముగియకముందే బయలుదేరి వస్తాను.

నీ బిడ్డ,
మనోరమ


మెట్‌పల్లి పోస్టు,
20 ఫిబ్రవరి 1994

మనోరమా,

కూర్చుని చదువు. నీ ఉత్తరం కన్నా ముందు మార్జరీ వచ్చింది.

ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తున్నాం. మెట్‌పల్లి బస్సులో నుంచి పొడుగాటి తెల్లావిడ టోపీ పట్టుకుని దిగి, నీ చేతిరాతలో ఉన్న మన అడ్రసు చూపించింది. ఊళ్లో ఒక్కరికీ ఆశ్చర్యం లేదు! వస్తుందని అందరికీ తెలుసు కదా. "జర ఆలిశమైంది" అని మాత్రం అన్నది లింగవ్వ. బడి దాటి ఎరగని నా ఇంగ్లీషుతో ఎందుకొచ్చావని అడిగాను. పెళ్లయిన నాటి నుంచి సెలవు తీసుకోలేదట. చలికాలం తోటలో పెద్ద పని ఉండదు, అందుకే సెలవు మీద వచ్చిందట. సెలవులో మన పసుపు తవ్వుతుందట. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదట.

తవ్వింది. మొదటి రోజు ఆమె గడ్డపార దిగిన చోటల్లా గడ్డ తెగింది. మీ బాపు తల పట్టుకుని, "అమ్మా, దూరంగెయ్యి, దూరంగెయ్యి! గది ఆపిలు గాదు" అని అరిచాడు. ఆమెకు తెలుగు రాకపోయినా తిట్టు అర్థమైంది, నవ్వుతూ దూరంగా వేసింది. రెండో రోజుకు ఆమె చేతికి మన పని పట్టుబడింది. ఒక సాలులో ఆమె, పక్క సాలులో మీ బాపు. గటుక రెండుసార్లు పెట్టించుకుంది.

విదేశీ మనిషి వచ్చిందని విని కానిస్టేబుల్ కూడా చేను దాకా వచ్చాడు. వీసా చూసి, "టూరిస్టు వీసా మీద పన్జేయొద్దు తాతా. కూలి ఎంతిస్తున్నవ్?" అని అడిగాడు. మీ బాపు నడుం నిటారుగా చేసి, "కూలి గాదు సారు, బదులు" అన్నాడు. ఆ కానిస్టేబుల్‌దీ చేనున్న ఇల్లే అయినట్టుంది. చాయ్ తాగి పోయాడు.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది. దాన్ని కూడా పప్పు డబ్బాలో వెయ్యాలనిపించింది. అయినా మాట ఇచ్చాను కదా. అరుగు మీద అందరి ముందూ, మార్జరీ ముందూ దగ్గకుండా చదివాను. లింగవ్వ తల వంచుకుంది. మీ బాపు చివరి దాకా విన్నాడు. అయిపోయాక, "ఆమెను అడుగు అక్కా. కూలిచ్చినవా?" అన్నాడు. ఇచ్చానన్నది. "మరి ఎందుకొచ్చినవ్?"

అప్పుడు ఆమె చెప్పింది. మిగిలిన కొంచెం తానే తెంపుకుందామని కూలివాళ్లందరి లెక్క ముగించి పంపేసిందట, ఆ రోజే ఆమె చేయి బెణికిందట. చివరి వరుసల కాయలు ఇంకా చెట్ల మీదే ఉన్నాయట, మంచు పడితే అన్నీ పోతాయట. నువ్వొక్కదానివే ఆగి, పొద్దుటి నుంచి చీకటి దాకా అవన్నీ తెంపి పెట్టావట. కవరిస్తే తీసుకోలేదట. "మా ఊళ్లో ఆపదలో చేసిన దానికి పైసలు తీసుకోరు" అన్నావట. తీసుకోని కూలి తన మీద అట్లాగే ఉండిపోయిందనీ, అది తీర్చుకోవడానికే వచ్చాననీ చెప్పింది. ఒక్క ముక్క నాకు రాశావా నువ్వు!

నేను తెలుగులో చెప్పడం పూర్తికాకముందే మీ బాపు ఏడ్చేశాడు. ఆయన ఏడవడం నేను మా అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడు చూశాను. "గది రాయలే సూడు పిచ్చిది! కూలని రాసింది గని గది రాయలే" అన్నాడు. నీకు ఈ మాటలు రాయమన్నాడు, అన్నది అన్నట్టే రాస్తున్నాను: "బిడ్డా, కూలి జేసినవ్, మంచిదే. ఎవలకు బెదరక జేసినవ్. జల్ది రావద్దు. రెండేండ్లు నిండ తిరుగు, సముద్రాలన్ని సూడు. మీ బాపు సూడలేనియి గూడ సూసి రా."

మార్జరీ నిన్న బస్సెక్కింది. సంచి నిండా పసుపు కొమ్ములు, పైన మామిడి తొక్కు. బస్సు పోయాక మీ బాపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, ఆమె తవ్వింది నువ్వు తెంపిన దానికన్నా ఎక్కువైందని తేల్చాడు. ఇప్పుడు మనమే తిరిగి పోవాలట. ఆపిల్ కోతలకు తానే పోతానన్నాడు. "పిల్లకిచ్చిన వీసానే నాకు గూడ ఇయ్యమని రాయి అక్కా. సెలవుకు సెలవు, పనికి పని."

ఒకల చేన్ల వంగనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆ మాట అన్నాడు మనోరమా. ఆ వీసా ఇరవై ఏడేళ్ల లోపు పిల్లలకేనని నేను చెప్పాను. "బదులుకు వయసేంది" అని, పాస్‌పోర్టు ఫోటో దిగడానికి ఉతికిన అంగీ వేసుకుని మెట్‌పల్లి పోయాడు.

ఆనందమ్మ